విడివడిన దాంపత్యము – వీడని ఇష్టలింగము

వీరశైవ గృహమున బిడ్డ పుట్టిన కొలది దినములలోనే గురువో జంగమయ్యయో వచ్చి ఆ శిశువునకు లింగధారణ చేయుట సంప్రదాయము. మగబిడ్డ, ఆడుబిడ్డ అను భేదము ఇందు లేదు. పెరిగి పెద్దదైన పిమ్మట ఆ ఆడుబిడ్డ మెడలో మాంగల్యము పడును. ఇట్లు ఆమె మెడలో రెండు కట్టడములు చేరుచున్నవి. మొదటిది గురువు కట్టినది. ఆమె ప్రాణముతో పాటు ఉండునది. రెండవది పంచకలశముల సన్నిధిని, జంగమ సమక్షమున, ఇరువురు మనుష్యులు ఒకరికొకరు ఇచ్చుకొన్న మాటకు గురుతుగా కట్టబడినది. మొదటి దానికి రెండవది ఆధారము కాదు. ఈ చిన్న విషయమును మఱచుట వలననే, దాంపత్యము విడిపోయిన యిండ్లలో పడనక్కఱలేని బాధలు పెక్కు పడవలసి వచ్చుచున్నది.

ధర్మపత్రికలో విడాకులను గూర్చి పాఠమేల యని కొందఱు పెద్దలు శంకింపవచ్చును. కాని లింగపూజావిధానమును గూర్చి, దాసోహమును గూర్చి, వివాహవిధిని గూర్చి పాఠములు చదివిన కుటుంబములే, కూతురు పెట్టె పట్టుకొని పుట్టింటి గడప యెక్కిన నాడు ఏమి చేయవలెనో తెలియక తల్లడిల్లుచున్నవి. ఇంటిలో దీపము పెట్టుట మాని, ఎవరికిని తెలియనీయక, కూతురిని వంటయింటికి పరిమితము చేసిన తల్లిదండ్రులు లేకపోలేదు. శరణుల చరిత్రలోను, దేశపు చట్టములోను వారికి దొరకు వెలుగు తక్కువది కాదు.

కరవు నేలలో కాపురము

ఉరవకొండ చుట్టుపట్ల గ్రామములను తీసికొందము. అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైఋతి ఋతుపవనము పడమటి కనుమలు దాటునప్పటికే సన్నగిల్లును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరము నుండి యింత దూరము నిండుగా రాదు. వేరుసెనగను నమ్ముకొన్న రైతు వాన తప్పిన మొదటి యేడు అప్పు చేయును. రెండవ యేడును తప్పినచో బళ్ళారికో బెంగుళూరుకో కూలికి పోవును. తుంగభద్ర ఎగువకాలువ నీరు, ఈ శతాబ్దమున వచ్చిన హంద్రీ–నీవా నీరు కొన్ని ఊళ్ళకు అందినను, మెట్ట మెట్టగనే మిగిలిన ఊళ్ళు ఇంకను కలవు.

అట్టి ఊరిలో ఒక గృహమును మనస్సున ఊహించుకొనుడు. ఇది ఏ ఒక్కరి కథయు కాదు గనుక పేర్లు అక్కఱలేదు. ఎనిమిదెకరముల మెట్ట, వృద్ధులైన అత్తమామలు, భార్య, ఇరువురు పిల్లలు. భర్త బెంగుళూరులో కట్టడపు పనికి పోయినాడు. మొదటి యేడు నెలనెల డబ్బు వచ్చెను. రెండవ యేడు పండుగలకు మాత్రము వచ్చెను. తరువాత ఫోను కూడ ఆగిపోయెను. అప్పులవాడు వాకిట నిలిచినపుడెల్ల అత్తగారి నోట "ఈమె కాలు పెట్టిన వేళ మంచిది కాదు" అను మాట వచ్చెను. ఉగాదికి వచ్చిన భర్త త్రాగి చేయి చేసికొనెను. ఆమె పిల్లలను వెంటబెట్టుకొని పుట్టింటికి చేరెను. మఱునాటికి ఊరిలో "మొగుని వదలి వచ్చినది" అను మాట వ్యాపించెను.

ఇందు విడిపోవుట ఏనాడు జరిగినది? ఆమె గడప దాటిన నాడా? అతడు డబ్బు పంపుట మానిన నాడా? లోకము గడప దాటిన పాదమునే చూచును. చట్టమట్లు చూడదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము 13వ సెక్షనులో "విడిచిపెట్టుట" అను మాటకు ఇచ్చిన వివరణలో, కోరి చేసిన నిర్లక్ష్యము కూడ చేరియున్నది. ఒకరి ప్రవర్తన వలన రెండవవారు ఇల్లు విడువక తప్పని స్థితి కలిగినచో, ఇల్లు విడిచినవారు కాక, విడుచునట్లు చేసినవారే వదలినవారని న్యాయస్థానములు పలుమాఱులు నిర్ణయించినవి. పల్లెనోట పుట్టిన నిందకు ఈ మాట జవాబు కాగలదు.

వేర్పాటులన్నియు ఒక జాతివి కావని కూడ ఈ గృహమును చూచి గ్రహింపవచ్చును. బ్రతుకుతెరువు కొఱకు దూరమగుట ఒకటి. మాటపట్టింపు వలన నాలుగు నెలలు పుట్టింట ఉండుట మఱియొకటి. దెబ్బలకు వెఱచి వచ్చుట వేఱు. పూర్తిగా వదలివేయబడుట వేఱు. మొదటి రెండింటికి పెద్దల మాట మందు. అప్పు తీర్చుటకు ఇరువైపుల వారు చేయి కలిపినచో మాటపట్టింపు చాలవఱకు తానే కరగును. కాని దెబ్బలకు "సర్దుకొనిపొమ్మా" అను మాట మందు కాదు. జ్వరమునకు ఇచ్చెడి కషాయమును ఎముక విఱిగినవానికి త్రాగించినట్లగును.

అక్క కథ

వీరశైవులకు ఈ విషయమున దూరమునకు పోయి వెదకవలసిన పని లేదు. పన్నెండవ శతాబ్దమున కన్నడదేశములోని ఉడుతడి యందు పుట్టిన మహాదేవి కథ ప్రతి యింటికి తెలిసినదే. కాని ఆ కథను వైరాగ్యకథగా వినుటయే అలవాటు. దాంపత్యము విడివడిన కథగా వినుట అరుదు. హంపిలో నివసించిన కవి హరిహరుడు ఆమెను గూర్చి వ్రాసిన రగళెలో, కౌశికుడను రాజు ఆమెను చూచి మోహించి, తల్లిదండ్రులను బెదరించెను. అతడు భవి, లింగధారి కాడు. తల్లిదండ్రుల ప్రాణభయమును చూచి ఆమె ఒప్పుకొనెను గాని, షరతులు విధించెను. తన యిచ్చవచ్చినంత సేపు లింగపూజ చేసికొందును, మాహేశ్వరుల గోష్ఠిలో ఉందును, గురుసేవ చేయుదును, వీనికి అడ్డు రాగూడదు. మూడు తప్పుల వఱకు ఓర్చుకొందును. అతడు ఒప్పుకొనెను; తరువాత మాట తప్పెను. మూడు తప్పులు నిండగనే ఆమె నగరు విడిచి బయలుదేఱెను. తరువాతి కావ్యములు కొన్ని అసలు వివాహమే జరుగలేదని చెప్పును. ఆ భేదమును పండితులు చర్చించుకొందురు గాక. ఈ పాఠమునకు హరిహరుడు చెప్పిన తీరు మిక్కిలి పనికివచ్చును.

మొదట ఆ మూడు తప్పుల లెక్కను గమనింపవలెను. మొదటి తప్పునకే ఆమె వెడలిపోలేదు. ఓర్పు లేనిది కాపురము కాదని ఆమెకు తెలియును. అయినను ఓర్పునకు ఆమె హద్దు పెట్టినది. ఆ హద్దును ముందుగనే, నోరు తెఱచి, ఎదుటివానికి చెప్పినది. మన యిండ్లలో జరుగునది దీనికి తలక్రిందులు. ఏది సహింతుము, ఏది సహింపము అను మాట పెండ్లికి ముందు ఎవ్వరును ఎత్తరు. కట్నకానుకల జాబితా వ్రాయుదురు, వడ్డనల జాబితా వ్రాయుదురు. పిల్ల చదువు కొనసాగించునా, ఆమె సంపాదన ఎవరి చేత ఉండును, భర్త దూరదేశము పోయినచో ఆమె ఎచట ఉండును అను సంగతులు మాత్రము "అవన్నియు తరువాత చూచుకొందము" అని దాటవేయుదురు. తరువాత చూచుకొనుట సామాన్యముగా రచ్చబండ కడనే జరుగుచున్నది.

రెండవది, కల్యాణములో జరిగినది. నగరు విడిచి వచ్చిన ఆమెను అనుభవమంటపమున అల్లమప్రభువు పరీక్షించెను. నీ పతి యెవరని అడిగెను. ఆమె చెన్నమల్లికార్జునుని పేరు చెప్పెను. ప్రశ్నలు కఠినములే; కాని ఆ ప్రశ్నలన్నియు ఆమె నిష్ఠను గూర్చినవి. "మగని అనుమతి తెచ్చితివా?" అని ఎవ్వరును అడిగినట్లు లేదు. తిరిగి పొమ్మనలేదు. పరీక్ష ముగిసిన పిమ్మట బసవణ్ణ మొదలైన శరణులు, ఆమె కంటె వయస్సున పెద్దవారు సైతము, ఆమెను "అక్క" అని పిలిచిరి. నేటికిని ఆమె పేరు అక్కయే. మగని యిల్లు విడిచి వచ్చిన స్త్రీని సమాజము ఏమని పిలువవలెనో శరణులు ఆనాడే తేల్చిరి. ఉరవకొండ గవిమఠము రథోత్సవమున జనము మధ్య ఒక మూల తల వంచుకొని నిలువబడు ఆడపడుచును చూచినపుడు ఈ పిలుపు గుర్తుకు రావలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మహాదేవి శ్రీశైలమునకు పోయి కదళీవనమున ఐక్యమైనది. ఉగాదికి కన్నడదేశము నుండి భక్తులు కాలినడకన ఆ శ్రీశైలమునకే పోవుచుందురు. అందుచేత కొందఱు పెద్దలు, కాపురము చెడిన ఆడుబిడ్డకు ఇక జపతపములే గతియని, తెల్లచీర కట్టి మఠములో ఊడ్చుకొని బ్రతుకుమని చెప్పుదురు. మహాదేవి కోరి పోయినది. ఆమెను ఎవ్వరును పంపలేదు. ఇరువదియైదేండ్ల వయస్సున, ఇరువురు పిల్లలతో పుట్టింటికి చేరిన తల్లికి కావలసినది కదళీవనము కాదు. ఇల్లు, పని, పిల్లలకు బడి. విడిచివచ్చిన ప్రతి స్త్రీయు అక్కమహాదేవి కావలెనని కోరుట కూడ ఒక విధమైన క్రౌర్యమే.

కలిసి బ్రతికినవారి కథలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ యొకటి చాలును. నేలరాలిన బియ్యము ఏఱి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, ఇది ఆశ యని భార్య మందలించి, ఎక్కువైన బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మనెను. అతడు పోసివచ్చెను. భార్య మాట విని బియ్యము తిరిగి పోసిరాగల భర్త ఉన్న యింట విడాకుల మాట రాదు.

ఆకు, కాగితము, తీర్పు

విడాకు అను తెలుగు మాటలోనే ఆకు ఉన్నది. తెలుగు పల్లెలలో కొన్ని కులములందు పెద్దల యెదుట తెగదెంపులు చేసికొని మారుమనువు పోవుట పూర్వమునుండి కలదు. కన్నడసీమ లింగవంతులలో పెక్కుశాఖలకు ఇట్టి మఱుపెండ్లికి ఉడికె, కూడికె అను పేర్లున్నవి. కనుక విడిపోవుట, తిరిగి వివాహమాడుట నిన్న మొన్న పట్టణముల నుండి వచ్చిన అనాచారములని చెప్పుట చరిత్రకు సరిపడదు.

చట్టము సంగతి వేఱు. ఉరవకొండ అప్పటికి మద్రాసు రాష్ట్రమున ఉండెను. 1946లో వచ్చిన యొక కేంద్ర చట్టము, కొన్ని కారణములున్నపుడు హిందూ భార్య వేఱుగా నివసించుచు భరణము పొందవచ్చునని చెప్పెను. విడాకులు మాత్రము ఈయలేదు. 1949లో మద్రాసు శాసనసభ చేసిన చట్టము ద్విభార్యత్వమును నిషేధించి, విడాకులకు దారి తెఱచెను. అనగా ఈ ప్రాంతపు స్త్రీలకు, దేశములోని పెక్కు ప్రాంతముల కంటె ఆఱేండ్లు ముందుగా ఆ హక్కు లభించినది. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. 1955 మే 18న హిందూ వివాహ చట్టము అమలులోనికి వచ్చి, మునుపటి మద్రాసు చట్టమును తొలగించెను. ఆ చట్టము రెండవ సెక్షను, అది ఎవరికి వర్తించునో చెప్పుచు, వీరశైవులను, లింగాయతులను పేరు పెట్టి పేర్కొన్నది. కనుక "మన ఆచారము వేఱు, కోర్టు మనకు వర్తింపదు" అను వాదము నిలువదు.

అయితే ఆ చట్టమే 29వ సెక్షనులో ఆచారసిద్ధమైన విడాకులను కాపాడినది. ఇచటనే పెక్కుమంది జాఱిపడుచున్నారు. అట్టి ఆచారము తమ శాఖలో చిరకాలముగా, ఎడతెగక ఉన్నదని చెప్పువారే సాక్ష్యముతో నిరూపింపవలెను. 2002లో సుప్రీంకోర్టు యమునాజీ జాదవ్ అను వ్యాజ్యమున ఈ సంగతిని స్పష్టముగా చెప్పెను. పై గృహముననే చూడుడు. ఇరువైపుల పెద్దలు కూర్చుండి బాండు కాగితముపై "నేటినుండి ఒకరికొకరు సంబంధము లేదు" అని వ్రాయించి, నలుగురి చేత సాక్షి సంతకములు పెట్టించిరనుకొందము. మూడేండ్లకు ఆమెకు మఱియొక సంబంధము కుదిరెను. ఆ కాగితము నిలువనిచో రెండవ వివాహము చెల్లదు. భార్యగా ఆమె హక్కులు ఊగులాడును. ద్విభార్యత్వపు నేరము క్రింద ఫిర్యాదు కూడ రావచ్చును. నలుగురు పెద్దలు మంచిమనస్సుతో వ్రాయించిన కాగితమే ఆమె నెత్తిన రాయియగును. పెద్దలు కుదిర్చిన ఒప్పందమును కోర్టు ముందు పెట్టి తీర్పు తెచ్చుకొనుట ఒక్కటే భద్రమైన మార్గము.

అందుకు 1976లో చేర్చిన సెక్షను మిక్కిలి అనుకూలము. ఏడాది వేఱుగా ఉన్న దంపతులు ఇరువురును కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. ఒకరిపై నొకరు నింద మోపనక్కఱలేదు. అర్జీ పిమ్మట ఆఱు నెలలు ఆగి మరల హాజరు కావలెను. కలిసి బ్రతుకు ఆశ లేదని, పిల్లల సంగతి, భరణము తేలినవని తోచినచో కోర్టు ఆ ఆఱు నెలల గడువును సడలింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. ఒకరు ఒప్పుకొననిచో క్రౌర్యము, రెండేండ్లు విడిచిపెట్టుట మొదలైన కారణములు చూపవలెను. వివాహమైన ఏడాది లోపల సామాన్యముగా అర్జీ స్వీకరింపబడదు. ఆ కారణముల పట్టికలో మఠములవారు గుర్తింపదగినది యొకటి కలదు. భర్త గాని భార్య గాని లోకమును త్యజించి సన్యాసాశ్రమమున ప్రవేశించినచో, రెండవవారు విడాకులు కోరవచ్చును. గృహస్థునకు విరక్తదీక్ష ఇచ్చునపుడు, ఇంటనున్న ఆ రెండవవారి బ్రతుకు ఏమగునో గురుస్థానము వారు ముందుగా విచారింపవలసి యుండును.

విడాకులు వలదు, కాని కలిసి ఉండుట ప్రస్తుతము సాధ్యము కాదు అను వారికి న్యాయసమ్మతమైన వేర్పాటు అను మధ్యమార్గము 10వ సెక్షనులో ఉన్నది. వివాహము ఉండును, కలిసి కాపురము చేయవలెనను బాధ్యత ఉండదు. మనస్సులు చల్లబడుటకు సమయము కావలసిన దంపతులకు ఇది మంచి దారియే అయినను, మన ప్రాంతమున దీనిని వాడుకొనువారు తక్కువ.

భార్యను బలవంతముగా కాపురమునకు రప్పింపవచ్చునా అను ప్రశ్న ఒకప్పుడు మన పొరుగు జిల్లా నుండియే బయలుదేఱి దేశమంతట చర్చకు వచ్చినది. కడప సబుకోర్టులో సినీనటి సరితపై ఆమె భర్త, కాపురమునకు రావలెనని 9వ సెక్షను క్రింద అర్జీ పెట్టెను. వ్యవహారము ఉన్నత న్యాయస్థానమునకు పోగా, 1983లో న్యాయమూర్తి పి. ఎ. చౌదరి, ఇష్టము లేని స్త్రీని అట్లు రప్పించుట ఆమె దేహముపై ఆమెకు గల స్వాతంత్ర్యమును హరించుటయే యని, ఆ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 1984లో సుప్రీంకోర్టు ఆ తీర్పును అంగీకరింపక సెక్షనును నిలిపినది. నేటికిని అది చట్టములో ఉన్నది. కాని దాని క్రింద తీర్పు వచ్చినను పోలీసులు చేయి పట్టి ఆమెను తీసికొనిపోరు. తగిన కారణము ఉన్నచో, అట్టి తీర్పు తర్వాత తిరిగి వెళ్ళని భార్యకు సైతము భరణము ఈయవచ్చునని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. "కోర్టు నోటీసు వచ్చినది, వెళ్ళకున్న జైలు" అని బెదరించువారి మాట నమ్మనక్కఱలేదు.

డబ్బులేనివారికి కోర్టు ఎట్లు అను సందేహము సహజమే. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయుదురు. అనంతపురములోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితముపై అర్జీ వ్రాసి యిచ్చిన చాలును. దెబ్బలు తిన్న స్త్రీకి 2005 నాటి గృహహింస చట్టము, ఆమె నివసించిన ఇంటిలోనే ఉండు హక్కును ఇచ్చుచున్నది. ఆ ఇల్లు ఆమె పేర లేకున్నను సరియే. పెండ్లిలో ఆమెకు పెట్టిన నగలు ఆమె సొత్తేయని, అత్తవారు వానిని పట్టియుంచుట నేరమని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పియున్నది. జాబితా, ఛాయాచిత్రములు, కొన్న అంగడి చీటీలు పుట్టింటివారు దాచియుంచుట మంచిది.

పెద్దల పంచాయతీ

ఇంత చెప్పిన మాత్రమున మఠములకు, కులపెద్దలకు పని లేదని కాదు. కోర్టులు కూడ విడాకుల అర్జీ విచారించుటకు ముందు, వీలున్నంత వఱకు దంపతులను కలుపుటకు ప్రయత్నింపవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ పనిని జంగమయ్య, ఇరువైపుల మేనమామలు, నమ్మదగిన యొక అవ్వ కలిసి చేసినచో కోర్టు గదిలో కంటె చక్కగా జరుగవచ్చును. కాని చేయు తీరున్నది. నూఱుమంది యెదుట రచ్చబండపై స్త్రీని నిలిపి ఆమె పడకగది సంగతులు అడుగుట పంచాయతీ కాదు. మొదట ఇరువురిని విడివిడిగా, వారి వారి యిండ్లలో వినవలెను. ఆమె మాటను ఒక స్త్రీ వినవలెను. దెబ్బలు ఉన్నవా అని సూటిగా అడుగవలెను. ఉన్నవని తేలినచో కలుపు మాట అంతటితో ఆపి, ఆమె క్షేమము చూడవలెను.

పంచాచారములలో గణాచారమును పెక్కుమంది తప్పుగా పట్టుకొన్నారు. సమాజమునకు అవమానము కలుగకుండ కాపాడుట గణాచారమని చెప్పి, విడిచివచ్చిన స్త్రీని వెలివేసినట్లు చూచుట దానికి పేరుగా చేసిరి. గణాచారమనగా శివనింద, శరణుల బాధ చూచి ఊరకుండకుండుట. లింగధారియైన స్త్రీని కొట్టినపుడు ఊరకుండి, ఆమె వెడలివచ్చినపుడు మేల్కొనునది గణాచారము ఎట్లగును? శివాచారమున లింగధారులెల్ల సమానులు. అందు "మగనితో ఉన్నవారు" అను షరతు ఎచటను లేదు.

అతని పక్షమును కూడ చూడవలెను. పై గృహములోని భర్త రాక్షసుడు కాడు. అప్పు, ఒంటరితనము, త్రాగుడు అను మూడింటి మధ్య చిక్కినవాడు. వేర్పాటు తర్వాత మగవాడు తన దుఃఖమును ఎవరితోను చెప్పుకొనలేడు; త్రాగుడు పెంచును, లేదా తొందరపడి రెండవ పెండ్లికి సిద్ధపడును. అట్టివానిని మఠమునకు పిలిచి, చేతికి లింగము ఇచ్చి కూర్చుండబెట్టి, త్రాగుడు మాన్పించు వైద్యుని కడకు తీసికొనిపోవు మిత్రుడొకడు అవసరము. అతడు తండ్రి గనుక, అతడు బాగుపడుట పిల్లలకును మేలే. ఈ మాట చెప్పుట అతని చేతిదెబ్బను క్షమించుటకు కాదు.

విడిన తరువాత

విడాకుల దుఃఖము చావు దుఃఖము వంటిది; కాని దానికి కర్మకాండ లేదు, పరామర్శకు వచ్చువారు లేరు. భర్త మరణించినచో ఊరంత వచ్చి కూర్చుండును. విడిపోయినచో ఎవ్వరును రారు. వచ్చినవారు కారణము అడుగుటకే వత్తురు. మొదటి ఏడాది నిదుర పట్టకపోవుట, ఆకలి లేకపోవుట, ఒకనాడు కోపము, ఒకనాడు తిరిగి పోవలెనను కోరిక, ఇవన్నియు సహజములు. ఇంటివారు ఆమెను ప్రశ్నలతో వేధింపక, దినమునకు రెండు మాఱులు పక్కన కూర్చుండి అన్నము పెట్టినచో సగము వైద్యము. నెలలు గడచినను నిదుర, ఆకలి రానిచో, బ్రతుకుపై విరక్తి మాటలు వచ్చినచో, వైద్యుని కడకు తీసికొనిపోవలెను. విభూతి పెట్టి ఊరకుండరాదు.

ఇష్టలింగపూజకు ఇచట తన స్థానము తనకున్నది. ఎడమచేతిలో లింగమును నిలిపి, దృష్టి దానిపై నిలిపి కూర్చుండు ఆ పది నిమిషములు, ఎవ్వరును ప్రశ్నింపని సమయము. ఆ లింగమునకు ఆమె ఎవరి భార్యయో అక్కఱలేదు. వీరశైవము జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి సూతకములను ఐదింటిని త్రోసివేసినది. మైలనే అంగీకరింపని మతమున, విడాకుల మైల ఎక్కడిది? అట్లయ్యును చెల్లెలి పెండ్లిలో పంచకలశముల కడకు ఆమెను రానీయని యిండ్లున్నవి. ఈ అలవాటు ఏ ఆగమము నుండి వచ్చినదో చెప్పగలవారు లేరు.

కాయకమును గూర్చి వేఱుగా చెప్పనక్కఱలేదు గాని, పుట్టింటివారు గ్రహింపవలసినది యున్నది. ఆమె అన్నదమ్ముల దయాధర్మమున తినుచున్నదను భావము తప్పు. 2005 సవరణ తరువాత పిత్రార్జితమున కూతురు కొడుకుతో సమానమైన భాగస్వామి. ఈ హక్కు పుట్టుకతోనే వచ్చునని 2020లో సుప్రీంకోర్టు దృఢపఱచినది. ఆ భూమి యెంత యెండినదైనను, అందు ఆమె పాలున్నది. ఉరవకొండలో మగ్గము నేర్పువారున్నారు, పొదుపు సంఘములున్నవి, కుట్టుపని యున్నది. చేతిలో తన డబ్బు నాలుగు రూకలు పడిన నాటినుండి ఆమె కంఠస్వరము మాఱుటను ఇంటివారే గమనింతురు.

పిల్లల విషయమున రెండు తప్పులు తఱచుగా జరుగును. ఒకటి, తండ్రిని గూర్చి వారి యెదుట చెడుగా మాటలాడుట. రెండవది, వారి చేత వార్తలు పంపుట. "మీ నాయనతో చెప్పు, ఫీజు కట్టమని" అను మాట పదేండ్ల పిల్లవాని భుజముపై పెట్టరాని బరువు. ఐదేండ్ల లోపు బిడ్డ సామాన్యముగా తల్లి కడ ఉండవలెనని చట్టము. అంతకు పైబడినవారి విషయమున బిడ్డ మేలే ప్రమాణము. తండ్రికి చూచు హక్కు ఉండును. ఏ దినము, ఎచట, ఎంత సేపు అను సంగతి కాగితముపై ఉన్నచో తగవులు తగ్గును.

ఊహించుకొన్న ఆ గృహమునకే తిరిగి వత్తము. పెద్దలు రెండు మాఱులు ప్రయత్నించిరి, కుదురలేదు. ఇరువురును కలిసి అర్జీ పెట్టుకొనిరి. భరణము నెలకింత అని తేలెను. ఆమె నగలు తిరిగి వచ్చెను. వేసవి సెలవులలో పదియేను దినములు పిల్లలు తండ్రి కడ ఉండునట్లు వ్రాసికొనిరి. తీర్పు చేతికి వచ్చిన పిమ్మట అప్పీలు గడువు తొంబది దినములు గడచునంత వఱకు ఎవ్వరును మఱుపెండ్లి మాట ఎత్తలేదు. వేసవికి పిల్లవాడు బెంగుళూరు పోవుటకు ముందు, వాని లింగకాయ త్రాడు పాతబడినదని చూచి, తల్లి క్రొత్త శివదారము పేని కట్టెను. బస్సు దిగిన చోట తండ్రి ఆ త్రాడును చేతితో తడవి, ముడి గట్టిగా ఉన్నదా అని చూచుకొనెను.